ఎస్టోనియా: చిన్న దేశం, డిజిటల్ పాలన

బాల్టిక్ దేశం ఎస్టోనియా. రాజధాని టాలిన్. జనాభా సుమారు 13 లక్షలు. 1991 ఆగస్టు 20న స్వాతంత్ర్యాన్ని పునరుద్ధరించుకుంది. పెద్ద మార్కెట్ లేని లోటును సాంకేతికతతో అద్భుతంగా పూడ్చుకుంది.

కాలక్రమం గుర్తుంచుకోవాలి. 1996: పాఠశాలలకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ అందించే ‘టైగర్ లీప్’ ప్రకటన. 2001: ప్రభుత్వ శాఖల మధ్య డేటా మార్పిడి వ్యవస్థ ‘ఎక్స్-రోడ్’. 2002: డిజిటల్ గుర్తింపు కార్డు. 2005: స్థానిక ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటింగ్, దేశవ్యాప్తంగా అమలు చేసిన తొలి దేశం ఇదే. 2007: పార్లమెంటు ఎన్నికల్లోనూ అదే విధానం; ఆ ఏడాదే భారీ సైబర్ దాడులు. 2008: టాలిన్‌లో నాటో సైబర్ రక్షణ కేంద్రం. 2014: విదేశీయులకు డిజిటల్ గుర్తింపునిచ్చే ‘ఈ-రెసిడెన్సీ’.

ఎక్స్-రోడ్ అంటే సమాచారమంతా ఒకేచోట పోగేసే గిడ్డంగి కాదు. ఏ శాఖ డేటా ఆ శాఖ వద్దే ఉంటుంది. శాఖలు దాన్ని అవసరమైనంత మేరకే సురక్షితంగా ఇచ్చిపుచ్చుకుంటాయి.

గుర్తింపు కార్డుకు రెండు పిన్‌లు: మొదటిది లాగిన్‌కు, రెండోది డిజిటల్ సంతకానికి.

తప్పక చదవాల్సినవి: ఆన్‌లైన్ ఓటును గడువులోగా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. 2003లో వచ్చిన స్కైప్ సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది ఎస్టోనియా ఇంజినీర్లు. ఐరోపా సమాఖ్య, నాటో సభ్యత్వం 2004లో. యూరో అమలు 2011 జనవరి 1 నుంచి.