వల్కన్లకూ కన్నీళ్లొస్తాయి చెల్లీ

చెల్లీ, ఎలా ఉన్నావు? "బాగానే ఉన్నా అక్కా" అని గబుక్కున అనేయకు. ఆ మాట రోజూ ఫోన్లో అమ్మకి చెప్తూనే ఉన్నావు కదా. మనిద్దరం కాస్త నిదానంగా మాట్లాడుకుందాం.

అమీర్‌పేట గురించి నీకు నేను కొత్తగా చెప్పేదేముంది? మైత్రీవనం చుట్టూ జావా, పైథాన్, డేటా సైన్స్ అంటూ నిలువెత్తు బోర్డులు. పొద్దున డెమో క్లాసు, మధ్యాహ్నం ల్యాబు, సాయంత్రం మాక్ ఇంటర్వ్యూ. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, అనంతపురం నుంచి వచ్చిన పిల్లలు ఎస్సార్‌నగర్‌లోనో పంజాగుట్టలోనో హాస్టల్ గదికి నలుగురేసి సర్దుకుంటారు. అందరి చేతుల్లో అదే మెటీరియల్, అందరి గుండెల్లో అదే గుబులు. కానీ ఒకరి గుబులు ఇంకొకరికి తెలియదు. ఏడుపొస్తే బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేసి, మొహం కడుక్కుని బయటికొస్తారు. "నేనొక్కదాన్నే ఇలా ఉన్నానేమో, మిగతావాళ్లంతా గట్టివాళ్లు" అని ప్రతి పిల్లా అనుకుంటుంది.

నువ్వూ అలాగే అనుకుంటున్నావా? అయితే నీకు వేరే గ్రహం వాళ్ల కథ చెప్తాను, విను.

1966లో అమెరికా టీవీలో మొదలైన స్టార్ ట్రెక్‌లో వల్కన్లనే జాతి ఉంది. మొనదేలిన చెవులు, పైకి లేచిన కనుబొమలు, ఏం జరిగినా చెక్కుచెదరని మొహం. అందులోని స్పాక్ అనే పాత్ర తండ్రి వైపు నుంచి ఆ జాతివాడే. వల్కన్లకు మనసే లేదనుకుంటారు చాలామంది. అది తప్పు. వాళ్ల కోపం, వాళ్ల దుఃఖం మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకప్పుడు ఆ ఆవేశంలోనే ఒకళ్లనొకళ్లు చంపుకుని జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయే దాకా వచ్చారు. అప్పుడు సురాక్ అనే గురువు మాట విని, తర్కాన్ని పట్టుకుని బయటపడ్డారు. ఆ రాయి లాంటి మొహం వెనక అంత కథ ఉంది.

స్పాక్ తండ్రి సారెక్. పాత సిరీస్‌కు కొనసాగింపుగా తర్వాత తీసిన కొత్త సిరీస్‌లో, 1990లో వచ్చిన ఒక ఎపిసోడ్‌కి ఆయన పేరే పెట్టారు. రెండు వందల ఏళ్లు దాటిన పెద్దాయన, పేరున్న రాయబారి. ఒక పెద్ద ఒప్పందం కోసం ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక ఎక్కుతాడు. ఆ రాత్రి నౌకలో కచేరీ. సంగీతం వింటూ వింటూ ఉండగా సారెక్ చెంప మీద ఒక్క కన్నీటిబొట్టు జారుతుంది. చూసినవాళ్లు నివ్వెరపోతారు. వల్కన్ ఏడవడమా!

విషయమేమిటంటే, ముసలితనంలో కొందరు వల్కన్లకు వచ్చే జబ్బు ఆయనకు వచ్చింది. మనసు మీద పట్టు జారిపోయే జబ్బు. అది బయటికి పొక్కకుండా దగ్గరివాళ్లు కాపు కాస్తుంటారు. సక్కత్ అనే యువకుడు తన మనోబలమంతా ధారపోసి పెద్దాయన్ని నిలబెడుతూ, తను నీరసించిపోతుంటాడు. ఈలోగా నౌకలో వింత మొదలవుతుంది. నిన్నటిదాకా బాగున్నవాళ్లు చిన్న చిన్న మాటలకే కొట్టుకుంటారు. ఒక తల్లి కొడుకు చెంప ఛెళ్లుమనిపిస్తుంది. పెద్దాయన లోపల అణచిపెట్టిన ఆవేశం పొంగి పక్కవాళ్ల మీద పడుతోందన్నమాట.

చెల్లీ, ఇది మీ హాస్టల్ గదిలో జరగట్లేదూ? రాత్రి లైటెందుకు వేశావని గొడవ. నా బకెట్ ఎవరు తీశారని గొడవ. ఫ్యాను రెండు మీద పెట్టాలా, నాలుగు మీద పెట్టాలా అని మూడు రోజులు మాటల్లేవు. నిజంగా ఆ పిల్లకి కోపం ఫ్యాను మీదా? ఆ రోజు ఇంటర్వ్యూలో రెండో రౌండ్ దాటలేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. లేదంటే ఇంటి దగ్గర నాన్న ఫీజు కోసం తెచ్చిన అప్పు గుర్తొచ్చింది. పెదవి దాటని బాధ ఎటో ఒక దారి చూసుకుంటుంది. ఈసారి పక్క మంచం పిల్ల బకెట్ గురించి అరిస్తే, కాస్త చల్లబడ్డాక "ఇవాళ ఏమైందే?" అని అడిగి చూడు.

కథలో తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. నౌక కెప్టెన్ పికార్డ్ ఆయన దగ్గరికి వెళ్లి ఉన్నమాట మొహం మీదే అంటాడు. సారెక్ మొదట ఒప్పుకోడు, చివరికి ఒప్పుకుంటాడు. వల్కన్లకు ఒకరి మనసుతో ఒకరు కలిసే విద్య తెలుసు. ఆ విద్యతోనే కొన్ని గంటల పాటు సారెక్ దుఃఖమంతా పికార్డ్ తన మీద వేసుకుంటాడు. అది భరించలేక వెక్కివెక్కి ఏడుస్తాడు కూడా. ఆ కాసేపట్లో సారెక్ వెళ్లి తన పని పూర్తి చేసుకొస్తాడు.

ఇందులో ఇంకో సంగతి చూడు. పికార్డ్ ఆ బరువు ఒంటరిగా మోయలేదు. డాక్టర్ పక్కనే కూర్చుంది. పైగా కొన్ని గంటలే అనుకుని మోశాడు. స్నేహితురాలి కష్టం విని విని నీకు నిద్ర పట్టట్లేదంటే, నువ్వు సక్కత్‌లా అయిపోతున్నావన్నమాట. వినడం మంచిదే, కానీ అంతా నీ ఒక్కదాని మీదే వేసుకోకు. తోడుకి పెద్దవాళ్లనో, డాక్టర్‌నో కలుపుకో.

ఆ నౌకలోనే డియానా ట్రాయ్ అని ఒకావిడ ఉంటుంది. అమ్మ బెటజాయిడ్ అనే వేరే గ్రహపు జాతి, నాన్న మనిషి. ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఇట్టే పసిగడుతుంది. ఆమె ఉద్యోగం కౌన్సెలర్. ఆమె కుర్చీ ఎక్కడో మూల గదిలో ఉండదు, కెప్టెన్ పక్కనే ఉంటుంది. ఆ కొత్త సిరీస్ మొదలైన 1987లోనే రచయితలు అలా రాశారు. ఇంజిన్ చూసేందుకు ఇంజినీరు, ఒళ్లు చూసేందుకు డాక్టరు, మనసు చూసేందుకు కౌన్సెలరు. ఆమె దగ్గరికి వెళ్లినవాళ్లని అక్కడెవరూ గేలి చెయ్యరు.

మన దగ్గర? అమీర్‌పేటలో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎర్రగడ్డ. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడే ఉంది. ఆ ఊరి పేరు మన సినిమాల్లో, మన హాస్టళ్లలో ఎగతాళి మాటైపోయింది. "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలే" అని నవ్వేస్తాం. ఆ నవ్వు విన్న పిల్ల, నిజంగా అవసరం పడ్డ రోజున ఆ స్టేషన్లో దిగడానికి జంకుతుంది. గుండె నొప్పొస్తే పంజాగుట్ట నిమ్స్‌కి పరిగెత్తుతాం, మనసు నొప్పికి మాత్రం తలుపులేసుకుని కూర్చుంటున్నాం. ఈ ఎగతాళి మనం మానేద్దాం, నాకు మాటివ్వు.

"డాక్టర్ దగ్గరికెళ్తే కంపెనీకి తెలుస్తుందేమో, రేపు సంబంధాలప్పుడు ఎవరైనా అంటారేమో" అని నీ భయం. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. అంతదూరం వెళ్లలేనంటే టెలి మానస్ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒక ఇంటర్వ్యూ పోతే రెండు రోజులు దిగులుగా ఉండటం మామూలే. కానీ రెండు వారాలు దాటినా రోజంతా దిగులే, నిద్ర లేదు, అన్నం సయించట్లేదు, ఇష్టమైన పని మీద కూడా మనసు పోవట్లేదంటే ఇక ఆగొద్దు. కౌన్సెలింగ్‌తో తగ్గుతుందా, మందులు కూడా కావాలా అన్నది డాక్టర్లు చూసి చెప్తారు. "ఎందుకీ బతుకు" అనే ఆలోచన వచ్చిందా, రెండు వారాల లెక్క చూడకు. ఆ నిమిషమే ఎవరినైనా పక్కకు పిలుచుకో, ఫోన్ చెయ్యి. నీ స్నేహితురాలి మాటల్లో ఆ ఛాయ కనిపిస్తే సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, అడిగేవాళ్లు ఉన్నారన్న ధైర్యం కలుగుతుంది.

ఏం మాట్లాడాలో తెలియదంటావా? తెలియకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చో, అన్నం తిన్నావా అని అడుగు, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లు.

కోర్సులు మళ్లీ వస్తాయి, బ్యాచ్‌లు ప్రతి నెలా మొదలవుతాయి, ఉద్యోగం ఆలస్యంగానైనా దొరుకుతుంది. నువ్వు మాత్రం ఒక్కదానివే, తల్లీ. ఇప్పుడే 14416 ఫోన్లో సేవ్ చేసుకో, నీ గదిలో ఉన్న ముగ్గురికీ పంపు. ఇవాళ నిద్రపోయే లోపు, నీకు బాగా నమ్మకమున్న ఒక్కరికి నీ మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పు.