వెలియైన యింట నీటికడవ

న్యాయస్థానమునందు విలువలు కట్టబడుట నేను దినదినమును చూచుచున్నాను. భూమికి దస్తావేజును బట్టియు, సాక్షికి మాటనిలుకడను బట్టియు, వకీలునకు వాని ఫీజును బట్టియు విలువ కట్టుదురు. ఈ త్రాసుల నడుమ బహుకాలము మెలగినవాడు తుదకు తన్ను తాను గూడ నందే తూచుకొన నలవడును. వ్యాజ్యము గెలిచిననాడు తాను గొప్పవాడు, ఓడిననాడు పనికిమాలినవాడు. వ్యాజ్యముతో పనిలేని యొక విలువను పరమేశ్వరుడు ప్రతి మనుష్యునకు నిచ్చియున్నాడని ఆదివారమున ఉపాసనలో విందుము. ఆ మాట సోమవారమునాటికి మనయందేల నిలువదో విచారింపవలసియున్నది.

ఇందులకు రాజమహేంద్రవరమునందు జరిగిన యొక వృత్తాంతము మనకు పాఠము కాదగియున్నది. హిందూ వితంతువుల పునర్వివాహము 1856వ సంవత్సరపు శాసనముచే చట్టసమ్మతమయ్యెను. శాసనము వివాహమును చెల్లునట్లు చేయగలిగెను గాని, ఆ వివాహము చేయించినవారి యింటికి వంటవానిని, నీళ్లు మోయువానిని పంపజాలకపోయెను. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని కందుకూరి వీరేశలింగముపంతులుగారు ఆ పట్టణమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. వెలి యనగా నెట్టిదో నేటివారిలో పెక్కుమంది యెఱుగరు. వెలివడినవారి యింట పురోహితుడు కాలు పెట్టడు. బంధువులు పంక్తిని కూర్చుండరు. ఆ యింటి పిల్లను కోడలిగా చేసికొనువారుండరు. మనుష్యుని విలువ యంతయు ఇరుగుపొరుగువారి చేతిలోనే యున్నదని వానినే నమ్మించుట వెలికి గల బలము. ఆ నమ్మకము పోయిననాడు వెలికి పస లేదు.

వంటవారును నీరు తెచ్చువారును పంతులుగారి యింటికి రాక మానిరి. అప్పుడు వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీరు మోసితెచ్చి, తామే వండి వడ్డించిరి. భర్తను విడిచి రమ్మని బంధువులు చెప్పినను విడువరైరి. 1910లో కాలధర్మము నొందువఱకును, ఆశ్రయము కోరి వచ్చిన వితంతువులకు వారు తల్లివలె నుండిరి. పంతులుగారికి 1893లో రావుబహద్దరు బిరుదము లభించెను. నీటికడవకు బిరుదమిచ్చిన ప్రభుత్వము లేదు.

ఆ కడవ తేలికగా నుండెనని నేననను. తెలిసినవారు మొగము త్రిప్పుకొనుచుండగా ఏటిగట్టు నెక్కి వచ్చుట సామాన్యమా? కాని భర్త సంకల్పమున ఆమెకు పాలు కలదు; ఆ పాలు లేనిచో ఆమెకు మిగులునది బరువే. మఱియొక సంగతి గమనింపదగినది. రాజమహేంద్రవరమున ప్రార్థనసమాజము 1878లోనే, అనగా ఈ పెండ్లికి మూడేండ్లకు ముందే, ఏర్పడియుండెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినవారు కారు వారు.

మనలో పలువురము ఇందుకు విరుద్ధముగా వర్తించుచున్నాము. స్త్రీవిద్యను గూర్చి సభలో రెండు గంటలు పలికి, యింట నిల్లాలితో రెండు మాటలు పలుకని సంస్కర్తల నెఱుగుదును. వారిలో నొకని మా యింటి యద్దములోనే చూచితిని. కొన్ని యేండ్ల క్రిందట ఒక కులాంతర వివాహమునకు నేను ముందు నిలిచినందున, కొందఱు కక్షిదారులు తమ కట్టలను తీసికొనిపోయిరి. రాబడి తగ్గెను. ఆ సంగతి యింట చెప్పనైతిని. ఇంటివారికి చింత కలుగకుండ కాపాడుచున్నానని తలంచితిని. నిజమునకు నేను కాపాడినది నా పరువును. సాయంకాలోపాసనలో నా పెదవులు ప్రార్థించుచుండ, మనస్సు అప్పుల లెక్క వేయుచుండెను. పిల్లలు నన్ను చూచి పలుకుట తగ్గించిరి. తండ్రికి తమపై కోపము వచ్చినదని వారి యభిప్రాయమట!

ఒకనాటి రాత్రి ఉపాసన ముగిసిన పిదప దాచలేక యంతయు చెప్పితిని. నా భార్య కొంతసేపూరకుండి, “ఇన్నినాళ్లు మీరొక్కరే యేల మోసితిరి? నేనీ యింటికి చుట్టపుచూపుగా వచ్చినదాననా?” అనెను. ఆమె యడిగినది ధనము పోయినందులకు గాదు, తనకు రావలసిన పాలు నేనీయనందులకు. ఈ యభియోగమునకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

మఱునాటినుండి దీపము పెట్టినంతనే వ్యాజ్యపు కట్టలను బీరువాలో పెట్టి తాళము వేయుచున్నాను. ఉపాసన అరగంట, తరువాత ఎవరి దినమెట్లు గడచినదో వారు చెప్పుదురు. చిన్నవాడు బడిలో తిన్న దెబ్బలు మొదలు నా యోటమి వఱకు అన్నియు నచట చెప్పవచ్చును. ఇంటి లెక్కల పుస్తకము ప్రార్థనల పుస్తకము ప్రక్కనే యుండును. పాలవాని బాకీ మా పెద్దమ్మాయి చదువును. ఏ నెల యే వ్యయము మానుకొనవలయునో మా యావిడ నిర్ణయించును. నా చుట్టల వ్యయము మొదటి నెలలోనే కొట్టివేయబడినది.