కొలత చెప్పాకే వాదన

జెత్రో టల్ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండేనా? రాక్ సంగీతం ప్రాణంగా వినే నలుగురి మధ్య ఈ ప్రశ్న వేసి చూడండి. కాసేపటికే గొంతులు లేస్తాయి. ఇంకాసేపటికి ఒకరు అలుగుతారు. ఇంత చిన్న విషయానికి ఇంత రభస ఎందుకని చాలామంది విసుక్కుంటారు. నాకు మాత్రం ఈ వాదన ఎంతో ఇష్టం. జీతం పెంచనిదీ, ఆస్తి పంచనిదీ అయిన విషయం మీద మనం ఎలా మాట్లాడతామో చూస్తే, జీతం దగ్గరా ఆస్తి దగ్గరా ఎలా మాట్లాడతామో తెలిసిపోతుంది. ఓడిపోయినా ఏమీ పోని చోట మంచి అలవాట్లు చేసుకోవడం తేలిక. కాబట్టి వాదించండి. బాగా వాదించండి.

ముందు అసలు కథ తెలుసుకుందాం. జెత్రో టల్ 1967లో ఇంగ్లండ్‌లో మొదలైంది. విత్తనాలు నాటే యంత్రం తయారుచేసిన ఒక పాతకాలపు ఇంగ్లిష్ వ్యవసాయవేత్త పేరే బ్యాండ్‌కి పెట్టుకున్నారు. 1968లో వచ్చిన మొదటి ఆల్బం దాదాపుగా బ్లూస్. 1971లో ‘ఆక్వాలంగ్’ వచ్చింది. పాటలన్నిటినీ ఒకే ఇతివృత్తంతో అల్లిన కాన్సెప్ట్ ఆల్బం ఇదని విమర్శకులు రాశారు. కాదు, ఇవి విడివిడి పాటలేనని బ్యాండ్ నాయకుడు ఇయన్ ఆండర్సన్ చెబుతూ వచ్చాడు. ఎవరూ వినలేదు. అలాంటిదే కావాలంటే అన్నిటినీ మించినది ఇస్తానని కూర్చుని, 1972లో ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ చేశాడు. ఆల్బం మొత్తం ఒకటే పాట. సుమారు 44 నిమిషాలు. ఎల్పీ రికార్డు ఒక వైపు పట్టదు కాబట్టి రెండు వైపులకూ సాగింది. సాహిత్యం రాసింది ఎనిమిదేళ్ల పిల్లవాడని ఒక కల్పిత పేరు పెట్టారు. అట్టను 12 పేజీల పల్లెటూరి వార్తాపత్రికలా అచ్చువేశారు. ఆ రోజుల్లో ప్రోగ్రెసివ్ రాక్ (పొట్టిగా ప్రోగ్) బ్యాండ్లకు ఉన్న ఆర్భాటాన్ని ఆటపట్టించడమే ఆండర్సన్ ఉద్దేశం. అమెరికాలో అది మొదటి స్థానానికి ఎక్కింది. ఇవాళ ప్రోగ్ రాక్ గురించి మాట్లాడేవాళ్లెవరూ దాన్ని దాటి వెళ్లలేరు.

వాదన ఇక్కడే రసకందాయంలో పడుతుంది. వెక్కిరింపుగా చేసినది అసలు సరుకు ఎలా అవుతుందని ఒక పక్షం నిలదీస్తుంది. నా సమాధానం సూటిగా ఉంటుంది: ఆ 44 నిమిషాలూ వినండి. ముందు వినిపించిన వరస చాలాసేపటి తర్వాత కొత్త వేషంలో తిరిగి వస్తుంది. అకూస్టిక్ గిటార్ మీద నెమ్మదిగా మొదలైన పాట, ఆర్గన్ అందుకోగానే ఉరకలేస్తుంది. తాళం లెక్క మారుతుంది, మళ్లీ కుదురుకుంటుంది. ఇంత పనితనం వెక్కిరింపుకి అక్కర్లేదు. కళాకారుడి ఉద్దేశం సాక్ష్యం మాత్రమే, తీర్పు చెప్పాల్సింది పని. 1997లో ‘ఓకే కంప్యూటర్’ ఆల్బం వచ్చినప్పుడు రేడియోహెడ్ బ్యాండ్ సభ్యులు కూడా ప్రోగ్ అనే ముద్ర వద్దన్నారు. వాళ్ల మాటను గౌరవిద్దాం. దానితో చర్చ ముగిసిపోదు.

ఇదే సూత్రాన్ని మీ మీదకు తిప్పుకోండి. మన పనిని ఉద్దేశంతో కొలుస్తాం, పక్కవాళ్ల పనిని ఫలితంతో కొలుస్తాం. ‘నేను మంచికే అన్నాను’ అని మనకు మనం మార్కులు వేసుకుంటాం. ఎదుటివాళ్లకు ఆ అవకాశం ఇవ్వం. ఇద్దరికీ ఒకే తక్కెడ పెట్టడం నేర్చుకుంటే ఆఫీసులోనూ ఇంట్లోనూ సగం తగాదాలు పుట్టనే పుట్టవు.

కొలత సంగతికి వద్దాం. ప్రోగ్ అభిమానుల్లో రెండు వర్గాలున్నాయి. మొదటి వర్గం లక్షణాలు చూస్తుంది: పొడవైన పాటలు, మామూలు నాలుగు దెబ్బల నడక కాని లెక్కలు, మెలోట్రాన్ లాంటి కీబోర్డులు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపదాల ఛాయలు. వీళ్లకు నమూనా 1969 నాటి కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బం, 1972లో యెస్ చేసిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, అదే ఏడాది జెనెసిస్ ఇచ్చిన సుమారు 23 నిమిషాల ‘సపర్స్ రెడీ’. రెండో వర్గం ఒక్కటే అడుగుతుంది: నిన్న చేయనిది ఇవాళ చేశారా? ఈ లెక్కన 1972 నాటి బాణీని ఇవాళ అచ్చుగుద్దినట్టు వాయించేవాళ్లు తప్పిపోతారు. 1974లో ఆగిపోయిన కింగ్ క్రిమ్సన్ 1981లో ‘డిసిప్లిన్’తో తిరిగి వచ్చినప్పుడు మెలోట్రాన్ లేదు, పాత గాంభీర్యం లేదు, ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు గిటార్లున్నాయి. మొదటి వర్గం నొసలు ముడిచింది. రెండో వర్గం ఇదే అసలైన ప్రోగ్ అంది. ఈ రెండు వర్గాల మనుషులు తెల్లవార్లూ అరుచుకున్నా ఒక్క అంగుళం కదలరు, ఎందుకంటే వాళ్ల మధ్య ఉన్నది బ్యాండ్ మీద తగాదా కానే కాదు, కొలత మీద తగాదా.

అందుకే మొదటి మాటగా ‘మీరు దేనితో కొలుస్తున్నారు?’ అని అడగండి. మీ కొలత కూడా ముందే చెప్పేయండి. చెప్పాక మార్చకండి. ఇది కష్టం. పింక్ ఫ్లాయిడ్ ప్రోగ్ కాదనేవాళ్లు, వాళ్ల వాయిద్యంలో అంత విద్వత్తు లేదంటారు. రష్ బ్యాండ్ పేరెత్తగానే, విద్వత్తు ఉంటే సరిపోతుందా, అది హార్డ్ రాక్ కదా అంటారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనడం ఇదే. నచ్చిన బ్యాండ్‌కి ఒక గజం, నచ్చని బ్యాండ్‌కి ఇంకో గజం వాడుతున్నామని గుర్తించడానికి ధైర్యం కావాలి.

తాళం తెలిసిన తెలుగువాళ్లకు ఈ చర్చలో ఒక సొంత బలం ఉంది. జెత్రో టల్ 1969లో విడుదల చేసిన ‘లివింగ్ ఇన్ ది పాస్ట్’ వింటూ చేత్తో తాళం వేయండి. ఐదు దెబ్బలు. ఖండ నడక అలవాటైన చేతికి రెండో ఆవృత్తికే దొరుకుతుంది. పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’కి వేయండి, ఏడు వస్తాయి. గిటార్ సోలో దగ్గర నాలుగుకు మారుతుంది. ఇలా లెక్కపెట్టి చెప్పే మాటకు విలువ ఎక్కువ. అయితే ఐదు దెబ్బల ఆ జెత్రో టల్ పాట నాలుగు నిమిషాలు కూడా లేదు, బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లిన సింగిల్. తాళం ఒక్కటే చూసి ప్రోగ్ అనేస్తే, పాప్ హిట్‌ను కూడా అందులో కలిపేసుకోవాలి. ఏ ఒక్క లక్షణమూ ఒంటరిగా తీర్పు చెప్పలేదు.

కొలత తేల్చకుండా తీర్పు ఇస్తే ఏమవుతుందో ఇదే బ్యాండ్ చరిత్రలో ఉంది. 1989లో గ్రామీ అవార్డుల వాళ్లు హార్డ్ రాక్‌నీ మెటల్‌నీ కలిపి తొలిసారి ఒక విభాగం పెట్టారు. మెటల్ బ్యాండ్ మెటాలికా గెలుస్తుందని అందరూ అనుకున్నారు. అవార్డు జెత్రో టల్ ‘క్రెస్ట్ ఆఫ్ ఎ నేవ్’కి వెళ్లింది. తమకు రాదనుకుని బ్యాండ్ సభ్యులు వేడుకకే రాలేదు. హాల్లో ఈలలు, నిరసనలు. మరుసటి ఏడాది ఆ విభాగాన్ని రెండుగా విడగొట్టారు. జెత్రో టల్ ఏ తప్పూ చేయలేదు, మెటాలికా ప్రతిభ తగ్గలేదు. విభాగం అనే గది సరిగ్గా కట్టలేదు, అంతే. అయినా ఆ రాత్రి గురించి ఇప్పటికీ జెత్రో టల్‌నే తప్పుపట్టేవాళ్లున్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ‘ప్రోగ్ కాదు’ అంటే ‘తక్కువ’ అని కాదు. లెడ్ జెపెలిన్‌ని ఎవరూ ప్రధానంగా ప్రోగ్ బ్యాండ్ అనరు, వాళ్ల గొప్పతనానికి లోటు లేదు. ఏ జాతి అన్నది ఒక ప్రశ్న, ఎంత మంచిది అన్నది వేరే ప్రశ్న. రెండూ కలిపేసినప్పుడే మనుషులు అవమానపడతారు. మీ స్నేహితుడు ముఖం ముడుచుకుంటే ఆగి, ‘ఆ బ్యాండ్ నాకూ ఇష్టమే, నేను మాట్లాడుతున్నది వర్గం గురించే’ అనండి. నిజంగా ఇష్టమైతేనే అనండి.

మరి జెత్రో టల్ సంగతి? బ్యాండ్ మొత్తానికి ఒకే ముద్ర వేయడం నాకు సమ్మతం కాదు. ఆల్బం ఆల్బంగా తేల్చాలి. మొదటి ఆల్బం ప్రోగ్ కాదు. ‘ఆక్వాలంగ్’ గడప మీద ఉంది. ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’, 1973 నాటి ‘ఎ ప్యాషన్ ప్లే’ నిస్సందేహంగా ప్రోగ్. 1977లో వచ్చిన ‘సాంగ్స్ ఫ్రమ్ ది వుడ్’ దగ్గర మాత్రం అసలు పోరు ఉంది. ఎక్కువగా చిన్న పాటలే, ఇంగ్లిష్ పల్లె జానపదం, ఇది ఫోక్ రాక్ అనేవాళ్ల వాదనలో బలం ఉంది. కానీ ఆ చిన్న పాటల లోపల లయ ఎన్ని మలుపులు తిరుగుతుందో, గొంతులు ఎలా పేర్చారో చూశాక నేను దాన్ని ప్రోగ్ లోపలే ఉంచుతాను. కాదనేవాళ్లు రికార్డు రెండు వైపులూ విని, తమ కొలత పట్టుకుని రండి.