ప్యాకెట్ వంటకు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా?

మా ఓ.పి.కి బి.పి. చూపించుకొనుటకు వచ్చే ఒక సోదరి సంగతితో ఈ నెల ఆరోగ్య పాఠము మొదలుపెడుతున్నాము. ఆమె అనుమతితోనే, పేరు, ఊరు చెప్పకుండా రాస్తున్నాము. వయస్సు 44 సంవత్సరములు. బట్టల దుకాణములో ఉద్యోగము. ఉదయము తొమ్మిదిన్నరకు వెళితే రాత్రి తొమ్మిది దాటిన తరువాతే ఇల్లు చేరతారు. భర్త ఆటో నడుపుతారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉన్నారు.

మొదటిసారి తలనొప్పితో వచ్చినప్పుడు ఆమె బి.పి. 180/110 ఉంది. డాక్టరుగారు మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నారు. నెల తరువాత చూస్తే 160/100. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. "ఉప్పు తగ్గించారా అమ్మా?" అని అడిగితే, "కూరలో సగమే వేస్తున్నాను సిస్టరమ్మా, చప్పగా ఉందని మా ఆయన గొణుగుతున్నా అంతే వేస్తున్నాను" అన్నారు.

ఆమె అబద్ధము చెప్పలేదు. అయితే ముందు రోజు ఏమేమి తిన్నారో వరుసగా చెప్పమని అడిగాము. పొద్దున పిల్లలతో పాటు నూడుల్స్. మధ్యాహ్నము డబ్బాలో అన్నము, కొని తెచ్చిన పచ్చడి, పెరుగు. సాయంత్రము టీతో మిక్స్చర్. రాత్రి కర్రీ పాయింట్ నుండి తెచ్చిన కూర, సాంబారు, నంజుకోవడానికి అప్పడములు. ఆమె తన చేతితో ఉప్పు వేసి వండిన కూర ఆ రోజు ఒక్కటి కూడా లేదు!

మేము వెంటనే, "బయటివి మానేసి ఇంట్లో వండుకోండి" అని కాస్త గట్టిగానే చెప్పాము. ఆమె కొంచెంసేపు ఊరుకుని, "ఎప్పుడు వండమంటారు సిస్టరమ్మా?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే మా స్టాఫ్ నర్సుల సంచులలో కూడా ఆ ప్యాకెట్లే ఉంటున్నాయి. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేమంతా కలిసి కూర్చుని వేసుకున్న లెక్కలే ఈ పాఠము.

1. రెడీమేడ్ అనేది కొత్త సంగతి కాదు

మన అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా రెడీమేడ్ వాడినవారే. అటుకులు, మరమరాలు, వడియములు, ఊరమిరపకాయలు, కందిపొడి, ఏడాదికి సరిపడే ఆవకాయ, ఇవన్నీ పని రోజున వంట తేలికయ్యేటట్లు ముందుగా చేసి పెట్టుకున్నవే. కనుక సిద్ధముగా ఉన్నది వాడడము సోమరితనము కాదు. ఆ మాట అనడము ఉద్యోగము చేసే స్త్రీలను అనవసరముగా నొప్పించడమే. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: నేను డబ్బు ఇచ్చి కొంటున్నది ఏమిటి?

2. మూడు రకములు

మొదటి రకము, పని మాత్రమే తగ్గించేవి. కడగడము, ఒలవడము, రుబ్బడము, కోరడము వంటి చాకిరీ వేరొకరు చేసి ఇస్తారు, వంట మనమే చేసుకుంటాము. రుబ్బిన ఇడ్లీ, దోసె పిండి, ఒలిచిన వెల్లుల్లి, కొబ్బరి కోరు, శుభ్రము చేసిన చేపలు, అటుకులు, గోధుమరవ్వ ఈ రకమునకు చెందుతాయి. ఉప్పు, నూనె ఎంత వేయాలో ఇంకా మన చేతిలోనే ఉంటుంది.

రెండవ రకము, సగము వంట చేసినవి. అల్లం వెల్లుల్లి పేస్టు, కూరల మసాలా పొడులు, పులిహోర పేస్టు మొదలగునవి. వీటిలో చాలావాటిలో ఉప్పు ముందే కలిసి ఉంటుంది. మనము తెలియక మరల వేస్తాము.

మూడవ రకము, వంట అంతా వారే చేసినవి. నూడుల్స్, సూపు పొడులు, వేడి చేసి తినే కూరల పౌచ్‌లు, ఫ్రోజెన్ పరోటాలు, నిల్వ పచ్చళ్లు, అప్పడములు, చిప్స్, మిక్స్చర్. వీటిలో ఉప్పు ఎంత, నూనె ఎంత అనేది మన చేతిలో లేదు.

వేడి చేసి తినే కూరల పౌచ్‌లు నెలల తరబడి ఎలా నిలువ ఉంటాయని చాలామంది అడుగుతారు. ఆపరేషను పనిముట్లను మేము ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి ఆవిరితో శుద్ధి చేస్తాము. ఆ పౌచ్‌లను కూడా సీలు వేసిన తరువాత ఇంచుమించు అదే పద్ధతిలో వేడి చేస్తారు. సూక్ష్మక్రిములు చనిపోతాయి కనుక కూర చెడిపోదు. అయితే చెడిపోకుండా ఉండడము వేరు, రోజూ తినదగినదిగా ఉండడము వేరు.

3. రూపాయల లెక్క

మా బజారు ధరలతో మేము వేసిన లెక్క ఇది. మీ ఊరి ధరలతో మీరు వేసి చూసుకోండి.

ఇడ్లీ పిండి: పావు కిలో మినపప్పు, అర కిలో ఇడ్లీరవ్వ కలిపితే రమారమి 2 కిలోల పిండి వస్తుంది. సరుకుల ఖర్చు సుమారు 60 రూపాయలు. అదే 2 కిలోల పిండి ప్యాకెట్లు కొంటే సుమారు 150 రూపాయలు. తేడా 90 రూపాయలు. నానడానికి మన శ్రమ ఏమీ లేదు. పప్పు కడగడము, రుబ్బడము, గ్రైండరు శుభ్రము చేయడము కలిపి 40 నిమిషములు పట్టింది. అంటే రాత్రి పదింటికి ఇల్లు చేరిన మనిషికి 90 రూపాయలతో 40 నిమిషముల నిద్ర దొరుకుతున్నది. వారానికి ఒకసారి అయితే అది దుబారా కాదని మా అభిప్రాయము. ఇంట్లో తీరిక ఉన్నవారికి మాత్రము రుబ్బుకోవడమే లాభము.

నూడుల్స్: నలుగురికి నాలుగు చిన్న ప్యాకెట్లకు సుమారు 60 రూపాయలు. నలుగురికి అటుకుల ఉప్మా, అందులో ఉల్లిపాయ, వేరుశనగ గుళ్లు, కరివేపాకు వేసి చేస్తే సుమారు 40 రూపాయలు. రెండూ పది, పన్నెండు నిమిషములలో అయ్యేవే. ఇక్కడ మనకు మిగిలిన సమయము దాదాపు ఏమీ లేదు. ఎక్కువ డబ్బు ఇచ్చి ఎక్కువ ఉప్పు కొనుక్కున్నాము, అంతే.

4. ఉప్పు లెక్క

పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే అన్ని పూటలకు, అన్ని వంటకములకు కలిపి ఒక టీ చెంచాడు.

ప్యాకెట్ల మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. మేము చూసిన నూడుల్స్ ప్యాకెట్లలో ఒక మనిషి తినే భాగములో 800 మిల్లీగ్రాములకు అటు ఇటుగా సోడియం ఉంది. అది 2 గ్రాముల ఉప్పు. ఒక పెద్ద చెంచా నిల్వ పచ్చడిలో ఇంకొక 2 గ్రాముల వరకు ఉండవచ్చు. మన సోదరి మధ్యాహ్న భోజనము ముగించేసరికే 4 గ్రాములు అయిపోయాయి. మిక్స్చరు, కూర, సాంబారు, అప్పడము ఇంకా మిగిలే ఉన్నాయి. ఇక కూరలో ఉప్పు సగము చేసి ఏమి లాభము?

ఇంకొక మాట కూడా న్యాయముగా చెప్పాలి. ఇంటి ఆవకాయ కూడా ఉప్పు విషయములో తక్కువ తిన్నదేమీ కాదు. ఇంట్లో చేసినంత మాత్రాన బి.పి. ఊరుకోదు.

ఎక్కువ ఉప్పు వలన రక్తపోటు పెరుగుతుంది. అదుపులో లేని రక్తపోటు వలన పక్షవాతము, గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు రాగలవు. ప్యాకెట్ మీద ఉన్న ధరకు ఈ ధర కూడా కలుపుకోవాలి.

5. ప్యాకెట్ వెనుక చూడవలసినవి

• దినుసుల జాబితా. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరు ముందు రాస్తారు. మొదటి మూడు పేర్లలో పామాయిలు, చక్కెర, ఉప్పు ఉంటే ఆలోచించండి.

• సోడియం. అంకె 100 గ్రాములకా, ఒకసారి తినే భాగమునకా అనేది చూసి లెక్క వేయండి. మీరు తినేది ఎంతో దానికే లెక్క.

• తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి అనే తేదీ. పిండి ప్యాకెట్ ఉబ్బి, పుల్లని వాసనకు మించి వేరే వాసన వస్తే పారవేయండి.

అక్షరములు మరీ చిన్నవిగా ఉంటే బడికి వెళ్లే పిల్లలచేత చదివించండి. వారికీ ఇది మంచి పాఠము.

6. ఇంటి రెడీమేడ్

వారములో ఒక్క గంట దొరికితే, కొనకుండానే మన ప్యాకెట్లు మనమే తయారు చేసుకోవచ్చు. మా నర్సులు చేసి చూసినవి ఇవి:

• అల్లము, వెల్లుల్లి సమముగా తీసుకుని, నీరు వేయకుండా కొంచెం నూనెతో రుబ్బి, పొడి సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. కొద్ది రోజులలోనే వాడుకోండి. బయట పెట్టవద్దు. నూనెలో ఉన్న వెల్లుల్లిలో ప్రమాదకరమైన క్రిమి పెరిగే అవకాశము ఉంది, అది వాసనతో తెలియదు.

• బొంబాయి రవ్వ ఒక కిలో ఒకేసారి వేయించి డబ్బాలో పోయండి. ఉప్మా పది నిమిషములలో అవుతుంది.

• చింతపండు గుజ్జు, పోపు వేసి ఉడికించి పులిహోర పులుసు చేసి ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు మాత్రము అన్నములో కలిపేటప్పుడే వేయండి.

• పప్పు రెండు పూటలకు సరిపడా కుక్కరులో ఉడికించి, సగము చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాడు ఆకుకూరో, టమాటానో వేసి మరగనిస్తే చాలు.

7. కొనక తప్పని రోజున

కర్రీ పాయింట్‌కు వెళ్లినప్పుడు మీ స్టీలు క్యారియర్ తీసుకుని వెళ్లండి. వేడి కూరను పలుచని ప్లాస్టిక్ కవరులో పోయించుకోవద్దు. నూనె తేలే వేపుడు కంటె పప్పు, ఆకుకూర మేలు. కూర కొన్న రోజున పచ్చడి, అప్పడము మానండి. తెచ్చిన రెండు గంటలలోగా తినండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టి, మరల పొగలు వచ్చేవరకు వేడి చేసి తినండి.

పిల్లలు నూడుల్స్ కొరకు మారాము చేస్తే వారములో ఒకరోజు చేయండి. మసాలా పొడి సగమే వేసి, క్యారెట్, బఠాణీలు, ఒక గ్రుడ్డు కలపండి. ఏడాది లోపు బిడ్డలకు మాత్రము అసలు పెట్టవద్దు. బి.పి., గుండె, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మూడవ రకము ఎంత తినవచ్చునో డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి.

8. వంట ఒక్కరి పనియేనా?

"ఎప్పుడు వండమంటారు?" అన్న ప్రశ్నకు పూర్తి జవాబు ప్యాకెట్లలో దొరకదు. ఆ ఇంట్లో తినేవారు ఐదుగురు, వండేవారు ఒక్కరు. అందుచేత మేము తరువాతిసారి ఆమె భర్తను కూడా రమ్మన్నాము. ఈ లెక్కలన్నీ ఆయన ముందే వేశాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "కూర చప్పగా ఉందని ఇక అనను సిస్టరమ్మా" అన్నారు చివరికి.

ఇప్పుడు ఆ ఇంట్లో వారానికి ఒక రోజు ఆయనే పిండి ప్యాకెట్లు తెస్తున్నారు. సాయంత్రము పెద్దబ్బాయి కుక్కరు పెడుతున్నాడు. అత్తగారు కూర్చునే కూరలు తరుగుతున్నారు. కర్రీ పాయింట్ వారానికి రెండు రోజులకు తగ్గింది. ఖర్చు పెద్దగా తగ్గలేదట, అయితే పెరగలేదు కూడా. రెండు నెలల తరువాత ఆమె బి.పి. 138/86 ఉంది. మాత్రలు మాత్రము మానలేదు. డాక్టరు చెప్పకుండా ఎవరూ మానకూడదు. ఆవకాయ పూర్తిగా వదలలేకపోయానని ఆమె నవ్వుతూ ఒప్పుకున్నారు. ఆదివారము ఒక్క ముద్దకు పెట్టుకున్నారట. మేమూ సరే అన్నాము.

కాబట్టి ప్రియ పాఠకులారా, మా లెక్క ఇక్కడ తేలింది. మీ చాకిరీ తగ్గించే దానికి డబ్బు ఇవ్వండి, అది గిట్టుబాటే. మీ బదులు ఉప్పు, నూనె వేసి పెట్టే దానికి రోజూ డబ్బు ఇవ్వకండి, అది చౌకగా దొరికినా ఖరీదైనదే.

ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. నిన్న మన ఇంట్లో తిన్నవాటిలో పై మూడు రకములలో ఏవేవి ఉన్నాయి?

2. మన ఇంట్లో ఉన్న ఏదైనా ఒక ప్యాకెట్ తీసి చూడండి. అందులో ఒక మనిషి తినే భాగములో ఎన్ని గ్రాముల ఉప్పు ఉంది?

3. వంటింటి పనులలో అమ్మ కాక ఇంకెవరైనా చేయగలిగినవి ఏవి? ఈ వారము వాటిలో ఒకటి ఎవరు తీసుకుంటారు?