మెడలో బిళ్లలు, చెవిలో నెత్తురు

ప్ర: మా బాబుకు ఆరేళ్లు. జలుబు తగ్గినా దవడ కింద శనగగింజంత బిళ్ల మిగిలింది. నెట్‌లో చూస్తే లింఫోమా అనే కాన్సర్ అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. పెట్ స్కాన్ చేయించాలా? – ఒక తల్లి, తెనాలి

జ: అక్కర్లేదమ్మా. జలుబు చేసినా, పన్ను పుచ్చినా, తలలో కురుపులు లేచినా పిల్లలకు మెడలో బిళ్ల కడుతుంది. వేలికి కదులుతూ సెంటీమీటరు లోపు ఉంటే వదిలేయండి, పదేపదే నొక్కి చూడకండి. రెండు సెంటీమీటర్లు దాటినా, గట్టిగా అతుక్కుపోయినా, నెల దాటాక కూడా పెరుగుతున్నా, కాలర్ బోన్ పైన కనిపించినా పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి. క్షయ వల్ల కూడా అలా కావచ్చు. ఫోన్ పక్కన పెట్టి ఈ రాత్రి పడుకోండి.

ప్ర: మనవరాలికి నాలుగేళ్లు. రెండు నెలలుగా ఎడమ చెవి కారుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు మూడు రకాలు వేశాం. ఇప్పుడు చీములో నెత్తురు పడుతోంది, నవ్వితే మూతి కుడివైపుకు లాగుతోంది. ఏ చుక్కలు మంచివి? – వరంగల్

జ: చుక్కల పేరు చెప్పను. మూతి లాగుతోందని చివర్లో రాశారు, నాకు అదే ముఖ్యం. చెవిలోంచి వెళ్లే ముఖ నరాన్ని ఏదో నొక్కుతోంది. ఎముకను తినేసే చెవి జబ్బు కావచ్చు. అరుదుగా రాబ్డోమయోసార్కోమా అనే కాన్సర్ కూడా కావచ్చు. కండరంగా మారాల్సిన లేత కణాల్లో పుట్టి, చిన్నపిల్లల్లో కంటిగూట్లో, ముక్కు వెనక, మధ్యచెవిలో వస్తుంది. చెవిలో ఎర్రటి కండలా పెరిగి మామూలు చీము చెవిలాగే కనిపిస్తుంది. మధ్యచెవి పైనే మెదడు పొరలు. ఒక్కో సీసా మారుస్తూ గడిపిన వారాలు జబ్బుకు దొరికిన వారాలే!

షాపులో కుర్రాడు చెవిలోకి లైటు వేసి చూశాడా? లేదు కదా! సీసా తీసి ఇచ్చాడు, మీరు పోశారు. ఇలాగే మెడలో బిళ్లలకు స్టెరాయిడ్ సిరప్ కొనిపెట్టే ఇళ్లూ ఉన్నాయి. లింఫోమా అయితే దాంతో కొన్నాళ్లు కరిగి, బయాప్సీలో జబ్బు తేలకుండా పోతుంది. చీటీ లేకుండా పిల్లల నోట్లో, చెవిలో ఏదీ పోయకండి.

మీకు పాపంటే ప్రాణమని తెలుసు, అందుకే కేకలేస్తున్నాను. రేపు పొద్దున్నే ఎంజీఎం ఆసుపత్రి ఈఎన్‌టీకి తీసుకెళ్లండి. స్కాన్ చేసి, కండ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కాన్సరే అయినా హైదరాబాద్ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు చూస్తారు, ఆరోగ్యశ్రీ ఉంది. కీమో, రేడియేషన్‌తో చాలామంది పిల్లలు బతికి బడికి వెళ్తున్నారు.

ప్ర: ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో ఏడాదిన్నర పాప ఒక కన్ను తెల్లగా మెరుస్తోంది. కెమెరా లోపమా? – కర్నూలు

జ: కావచ్చు. కానీ అది కంటి డాక్టరు తేల్చాలి, ఈ వారంలోనే. రెటినోబ్లాస్టోమా అనే కంటి కాన్సర్ ఈ వయసులో ఇలాగే బయటపడుతుంది. త్వరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు చూపు కూడా. ఆ ఫోటోలు తుడిచేయకండి, డాక్టరుకు చూపించండి.