కాగితం లేని జామ్

రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు డాక్యుమెంట్ రైటర్ల షాపుల్లో, డీటీపీ సెంటర్లలో, బడుల ఆఫీసు గదుల్లో నన్ను పిలిచి చెప్పిన ఫిర్యాదుల్లో ఎక్కువసార్లు విన్నది ఒక్కటే: లోపల కాగితం ముక్క కూడా లేదు, అయినా జామ్ అంటోంది. ఏళ్ల తరబడి నడిచిన లేజర్ ప్రింటరు ఇలా మొండికేస్తే పాత ఇనుముకి వేసేయమని సలహా ఇచ్చేవాళ్లకి కొదవ లేదు. ఒకప్పుడు నేనూ ఆ సలహా ఇచ్చినవాణ్ణే. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం, ఉన్న యంత్రంతోనే నెట్టుకురావాల్సిన చిన్న షాపులవాళ్ల కోసం, నాకు ఆలస్యంగా తెలిసివచ్చిన సంగతులు రాస్తున్నాను.

1. ప్రింటరు కాగితాన్ని చూడదు, వెలుగు తెగిందా లేదా అన్నదే చూస్తుంది.

కాగితం నడిచే దారిలో అక్కడక్కడ నల్లటి ప్లాస్టిక్ మీటలు ఉంటాయి. వాటిని ఫ్లాగులంటాం. కాగితం వచ్చి తాకితే ఫ్లాగ్ వంగుతుంది. దాని రెండో కొస బోర్డు మీదున్న ‘యు’ ఆకారపు సెన్సర్ నడుమ ఆడుతుంది. ఆ సెన్సర్‌కి ఒక పక్క కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగునిచ్చే ఎల్‌ఈడీ, ఎదుటి పక్క దాన్ని అందుకునే ఫోటో ట్రాన్సిస్టర్ ఉంటాయి. మీట అడ్డొస్తే వెలుగు తెగుతుంది, తప్పుకుంటే అందుతుంది. చివరికి బోర్డుకి చేరేది ఒక వోల్టేజీ మాత్రమే. మీట స్ప్రింగు ఊడినా, కొస విరిగినా, సెన్సర్ సందులో టోనర్ పొడి పేరుకున్నా బోర్డుకి ఆ తేడా తెలిసే దారి లేదు.

గ్యారీ స్టార్క్‌వెదర్ జిరాక్స్‌లో లేజర్‌తో ముద్రించే ఆలోచన మొదలుపెట్టింది 1960ల చివర్లో. 1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ కెనాన్ ఇంజిన్‌తో నిమిషానికి 8 పేజీల వేగంతో బల్ల మీదికి వచ్చింది. ఆ తర్వాత వేగం పెరిగింది, బరువు తగ్గింది, ధర దిగింది. ఫ్లాగ్, వెలుగు ఏర్పాటు మాత్రం ఇప్పటి చిన్న ప్రింటర్లలోనూ కనిపిస్తుంది. కాగితం మీద నేరుగా వెలుగు వేసి చూసే యంత్రాలూ ఉన్నాయి. ప్రొజెక్టర్ల కోసం వాడిన పారదర్శక షీట్లలో కొన్నిటి అంచున తెల్లటి పట్టీ ఉండేది గుర్తుందా? వెలుగు దూసుకుపోయే షీటు ఉనికిని సెన్సర్‌కి తెలియజేయడానికే ఆ పట్టీ.

2. లైటు వెలిగిన క్షణాన్ని పట్టుకోండి.

యంత్రం ముందు కూర్చోగానే స్క్రూడ్రైవర్ తీయకండి. ముందు స్విచ్ వేసి వినండి. మోటారు కాసేపు తిరిగి, ఒక్క కాగితం కూడా లాక్కోకుండానే జామ్ లైటు వెలిగిందంటే, ఏదో ఒక ఫ్లాగ్ ‘కాగితం ఉంది’ అనే స్థితిలో ఇరుక్కుపోయిందని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. నిజమైన దొంగ జామ్ ఇదే.

కాగితాన్ని లాక్కుని, దాని అంచు కార్ట్రిడ్జ్ కిందికి చేరేలోపే ఆగితే కథ వేరు. పికప్ రోలర్ తిరిగిన క్షణం నుంచి బోర్డు సమయం లెక్కపెడుతుంది. అనుకున్న వ్యవధిలో కాగితం మొదటి ఫ్లాగ్‌ని తాకకపోతే జామ్ అంటుంది. రోలర్ రబ్బరు అరిగి నున్నబడితే కాగితం జారుతుంది, ఆలస్యమవుతుంది. ఇక్కడ సెన్సర్ తప్పేమీ లేదు, ఉన్నమాటే చెప్పింది. పాత మెకానిక్కులు సైతం ఈ రెంటినీ కలిపేసి, బాగున్న సెన్సర్‌ని పీకేసి కూర్చుంటారు. రోలర్‌ని తడిగుడ్డతో తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుంది, మార్చేస్తే పీడ వదులుతుంది.

ఇక పేజీ సగం బయటికి వచ్చి ఆగితే చూపు, టోనర్‌ని వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్ దాటాక ఉండే డెలివరీ ఫ్లాగ్ మీదికి పోవాలి. పేజీ వెళ్లిపోగానే ఆ మీట చటుక్కున వెనక్కి రావాలి. నిదానంగా వస్తే, పోయిన పేజీ ఇంకా అక్కడే ఉందని బోర్డు లెక్క. ఒక్కొక్క పేజీ ఇస్తే బాగానే వస్తోంది, వరసగా ఇస్తే ఆగిపోతోంది అన్నప్పుడు నా అనుమానం మొదట దాని మీదికే పోతుంది. వానాకాలంలో అయితే ఇవన్నీ చూసేముందు కొత్త రిమ్ విప్పి ఆ కాగితం పెట్టి చూడండి. చెమ్మ పట్టి వంకర తిరిగిన కాగితం మంచి యంత్రాన్ని కూడా ఆపేస్తుంది.

3. తుడవడం కూడా మరమ్మతే.

పెళ్లి కార్డుల షాపు ఒకదానిలో ప్రింటరు పొద్దున బాగుండేది, మధ్యాహ్నానికి ఆగిపోయేది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఫ్యూజర్ చల్లారేదాకా అరగంట ఆగి వెనక తలుపు తీశాను. డెలివరీ ఫ్లాగ్‌ని గోటితో నొక్కి వదిలితే అది వెనక్కి వచ్చింది గానీ బద్ధకంగా వచ్చింది. టార్చి వేసి చూస్తే మీట ఇరుసు దగ్గర గోధుమరంగు జిగురు, దానికి అంటుకున్న టోనర్. అడ్రసు స్టిక్కర్ల షీట్లు ఫ్యూజర్ వేడికి గురై, వాటి జిగురు ఊరి అక్కడ చేరింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో ఇరుసు చుట్టూ తుడిచి, మీటను పదేపదే ఆడించాను. మళ్లీ నొక్కి వదిలితే టక్కుమని వచ్చింది. ఒక్క భాగమూ మార్చలేదు.

లోపల పేరుకున్న టోనర్‌ని ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగకండి. ఆ పొడి ఎంత సన్నమంటే మామూలు ఫిల్టర్‌లోంచి జారి గదంతా లేస్తుంది. నోటితో అసలే ఊదకండి. చేతికంటితే చన్నీళ్లతో కడుక్కోండి.

4. కొలవకుండా తీర్పు చెప్పకండి.

ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. ఒక డాక్యుమెంట్ రైటర్ గారి ప్రింటరు స్విచ్ వేయగానే జామ్ చూపించేది. కాగితం దారంతా వెతికాను, ఏమీ లేదు. బోర్డు పోయింది, దాని ధరకి ఇంకొంత వేస్తే కొత్తదే వస్తుంది అని చెప్పాను. ఆయన నా మాట నమ్మి దాన్ని తూకానికి అమ్మేసి, అప్పు చేసి కొత్తది తెచ్చుకున్నారు. కొన్ని నెలల తర్వాత అదే మోడల్ మరొకటి అదే జబ్బుతో వచ్చింది. ఈసారి ఓపిగ్గా విప్పితే, ఫ్లాగ్‌ని వెనక్కి లాగే వెంట్రుకంత స్ప్రింగు కాలు తన కొక్కెం నుంచి జారి ఉంది. ట్వీజర్‌తో తగిలించాను, యంత్రం లేచింది. మొదటిదాని జబ్బూ అదే అయివుండొచ్చు. డాక్యుమెంట్ రైటర్ గారు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు, ఆయనకి ఈ సంగతి తెలియదు కనుక. వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పటి నుంచి మల్టీమీటర్ లేకుండా బోర్డు పేరు ఎత్తడం మానేశాను. సెన్సర్ అవుట్‌పుట్ పిన్ను దగ్గర వోల్టేజీ చూస్తూ ఫ్లాగ్‌ని కదపండి. ఒక స్థితిలో సున్నాకి దగ్గరగా, రెండో స్థితిలో 3.3 లేదా 5 వోల్టులకి దగ్గరగా మారుతుంటే సెన్సర్ బాగున్నట్టే, లోపం మీటలోనో స్ప్రింగులోనో ఉంది. మారకపోతే ఎల్‌ఈడీ కాళ్ల మధ్య సుమారు 1.2 వోల్టులు ఉన్నాయా చూడండి. అది వెలుగుతోందో లేదో ఫోన్ కెమెరాలో లేత ఊదారంగు చుక్కగా కనపడుతుంది. కొన్ని ఫోన్ల వెనక కెమెరా ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది కాబట్టి ముందు టీవీ రిమోట్ మీద పరీక్షించుకోండి. వోల్టేజీ అటూ ఇటూ కాక నడుమ ఊగుతుంటే, సెన్సర్ సందు తుడిచి మళ్లీ కొలవండి. ఏళ్లు గడిచిన ఎల్‌ఈడీల వెలుగు తగ్గిపోవడమూ ఉంది. అప్పుడు సెన్సర్ మార్చాల్సిందే. మూత తీసి పరీక్షించేటప్పుడు ఎండ నేరుగా సెన్సర్ మీద పడనీయకండి, ఆ వెలుగుకీ అది స్పందిస్తుంది.

ఒక హెచ్చరిక. చిన్న ప్రింటర్లలో చాలావాటికి ఈ సెన్సర్లున్న బోర్డు మీదే 230 వోల్టుల కరెంటు కూడా పారుతుంది. కరెంటు ఉండగా కొలవడం ఎవరి దగ్గరైనా నేర్చుకున్నాకే చేయండి.

5. వేడిని కాపలా కాసేదాన్ని ఎన్నడూ డైరెక్ట్ చేయకండి.

కాగితం సెన్సర్ తప్పు చెబితే పోయేది ఒక పేజీ. ఫ్యూజర్‌లో థెర్మిస్టర్ తప్పు చెబితే నిప్పంటుకోవచ్చు. ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. వేడి పెరిగేకొద్దీ థెర్మిస్టర్ నిరోధం తగ్గుతుంది, దాన్ని బట్టే బోర్డు హీటర్‌ని ఆపుతుంది. దాని మీద టోనర్, కాగితపు ధూళి అట్టకట్టినా ఫ్యూజర్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు చేయవలసింది శుభ్రం చేయడం, కాకపోతే ఫ్యూజర్ మార్చడం. వేడి మితిమీరితే కరెంటు తెంచే థర్మల్ ఫ్యూజు పోయిందని రెండు వైర్లు కలిపేసి ‘డైరెక్ట్ ఇచ్చేశాను, నడుస్తోంది’ అని గొప్పగా చెప్పిన కుర్రాళ్లని చూశాను. ఆ యంత్రం రాత్రి మూసేసిన షాపులో, కాగితాల కట్టల నడుమ ఉంటుంది. తలుపు స్విచ్ కూడా ఇలాంటిదే. తలుపు మీది ప్లాస్టిక్ ముల్లు విరిగితే ‘కవర్ ఓపెన్’ అని వస్తుంది. ఆ ముల్లునే తిరిగి అతికించండి. స్విచ్‌లో అగ్గిపుల్ల ఇరికిస్తే తలుపు తెరిచి ఉన్నా లేజర్ వెలుగుతుంది, అది కంటికి ప్రమాదం.

6. కారణాన్ని యజమానికి చూపించండి.

బాగయ్యాక డబ్బు తీసుకుని వచ్చేయడం కాదు, ఊడిన స్ప్రింగునీ, జిగురంటిన మీటనీ వాళ్ల కంటికి చూపించి రండి. మరుసటిసారి వాళ్లే చూసుకుంటారు, మీకు ఒక పిలుపు తగ్గుతుంది. తగ్గనివ్వండి. అలా చూపించిన షాపుల నుంచే నాకు ఎక్కువ పని వచ్చింది.

మీ షాపులోనో బడిలోనో జామ్ అంటూ మూలన పడేసిన ప్రింటరు ఉంటే, తూకానికి వేసేముందు ప్లగ్ పీకి, వెనక తలుపు తీసి, ఆ నల్ల మీటను ఒక్కసారి వేలితో కదిపి చూడండి.