బొమ్మల బుట్ట, మందు డబ్బా

మార్చి నెల. మిరపకాయలు కళ్లంలో ఎండాయి. టిక్కీలు కట్టారు. యార్డులో ధర బాగా లేదు. నాలుగు రోజులు ఆగుదామని టిక్కీలు ఇంటికి తెచ్చారు. వసారా నిండిపోయింది. మంచం గోడకు జరిగింది. నల్లపాడు వైపు రైతుల ఇళ్లలో ఇది మనకు కొత్త కాదు.

మరి పిల్లల బొమ్మలు ఎటు పోయాయి?

మూలకు తోశాం. ఆ మూలలో ఇంకా ఏమున్నాయి? స్ప్రేయర్ ఉంది. యూరియా బస్తా ఉంది. సగం వాడిన పురుగుమందు డబ్బా ఉంది. పొద్దుగూకే వేళ పిల్లవాడు బంతి కోసం ఆ మూలకే పోతాడు. చీకట్లో తడుముతాడు. చేతికి బంతి తగలొచ్చు. డబ్బా తగలొచ్చు.

అందుకే బొమ్మలకు ఇంట్లో ఒక చోటు కావాలి. ఆ చోటు మందుకు దూరంగా ఉండాలి.

ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. వినండి.

"వదినా, మావాడి గోలీలు ఇల్లంతా దొర్లుతున్నాయి. మందు డబ్బా ఖాళీ అయితే అందులో పోసి పెట్టా. మూత గట్టిగా పడుతుంది."

"అయ్యో, మందు డబ్బాలోనా?"

"సబ్బు పెట్టి కడిగా వదినా. వాసన కూడా రావట్లేదు."

"వాసన రాకపోతే విషం పోయినట్టా? వాడు గోలీ నోట్లో పెట్టుకోడా? ఇవాళ గోలీల డబ్బా అన్నావు. రేపు మందున్న డబ్బా కనబడితే అదీ గోలీల డబ్బానే అనుకుంటాడు."

ఈ చివరి మాట మనం బాగా గుర్తు పెట్టుకోవాలి. పిల్లలకు డబ్బా ఒకటే గుర్తు. లోపల ఏముందో వాళ్లకు తెలియదు.

2013 జులై 16న బీహార్‌లో ఒక ఘోరం జరిగింది. సారణ్ జిల్లాలో గండామన్ అనే ఊరు ఉంది. అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షలో తేలింది. మందు డబ్బాలో నూనె ఉంచినట్టు బయటపడింది. మోనోక్రోటోఫాస్ అంటే మనకు తెలియని పేరు కాదు. మన పత్తి చేలల్లో ఏళ్ల తరబడి కొట్టిన మందే.

కాబట్టి ఖాళీ డబ్బాలో గోలీలు వద్దు. నూనె వద్దు. నీళ్లు వద్దు. డబ్బాను చేను దగ్గరే మూడుసార్లు కడగండి. ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోయండి. డబ్బాకు చిల్లులు పొడవండి. ఇంటికీ, బావికీ, చెరువుకీ దూరంగా లోతుగా పాతిపెట్టండి. మిగిలిన మందును ఇంటి బయట, ఎత్తున, తాళం వేసి ఉంచండి.

ఇప్పుడు మీకు చదవడం వచ్చు. డబ్బా మీద అక్షరాలు చదవండి. పేకముక్క మీద డైమను లాంటి గుర్తు ఉంటుంది. అందులో ఎరుపు రంగు ఉంటే అన్నిటికంటే ఎక్కువ విషం. తర్వాత పసుపు, తర్వాత నీలం, తర్వాత ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందని పిల్లల దగ్గర పెట్టకూడదు.

సరే, బొమ్మలు ఎక్కడ పెడదాం?

బజారులో రంగు రంగుల ప్లాస్టిక్ పెట్టెలు అమ్ముతారు. కొనక్కర్లేదు. పాత వెదురు బుట్ట చాలు. గోడకు కింది గూడు ఉంటే ఇంకా మంచిది. పిల్లవాడి చేతికి అందాలి. తీసుకోవడం వాడే, పెట్టడం వాడే. ఎత్తున పెడితే స్టూలు ఎక్కుతాడు, పడతాడు. పాత చీర ముక్కకు జేబులు కుట్టి తలుపు వెనక తగిలించండి. లక్కపిడతలు ఒక జేబులో, బండి ఒక జేబులో. నేల మీద ఏమీ ఉండదు.

కొందరు బొమ్మలు తగ్గిస్తే గొడవే ఉండదంటారు. నాకు ఆ మాట నచ్చదు. తాటికాయల బండి, గుడ్డ బొమ్మ, నాలుగు చెక్క ముక్కలు. మన పిల్లలకు ఉన్నవే కొన్ని. అవి చెత్త కాదు.

బుట్ట కూడా అందరికీ ఒకటే వద్దు. పెద్దపిల్ల అచ్చనగాయలు ఆడుతుంది. చింతపిక్కలతో వామనగుంటలు ఆడుతుంది. వాటిని చంటివాడు నోట్లో పెట్టుకుంటాడు, ముక్కులో దూర్చుకుంటాడు. ఊపిరి ఆడదు. అందుకని గోలీలు, పిక్కలు, గవ్వలు ఒక సంచిలో వేసి ఉట్టిలో పెట్టండి. పెద్దపిల్ల అడిగినప్పుడు ఇవ్వండి.

కోటప్పకొండ తిరునాళ్లలో లైటు వెలిగే బొమ్మలు కొంటాం. కొన్నిటిలో రూపాయి బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. దాని మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. ఆ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలుతుంది. తెల్లారనిద్దాం అనకూడదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మిరపకాయల తొడిమలు తీసి వచ్చిన చేతులతో బొమ్మలు ముట్టుకోకండి. ఘాటు బొమ్మకు అంటుతుంది. చంటివాడు అదే చేత్తో కళ్లు నులుముకుంటాడు. ఇంక రాత్రంతా ఏడుపే.

మన అమ్మమ్మలకు బొమ్మలు దాచడం బాగా తెలుసు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్లు. పండగయ్యాక కొండపల్లి బొమ్మలను పొడి గుడ్డతో తుడిచేవాళ్లు. ఒక్కొక్కటీ పాత చీర ముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేవాళ్లు. ఆ బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. నీళ్లు తగిలితే రంగు పాడవుతుంది. పెట్టెలో ఎండిన వేపాకు వేయండి. కలరా ఉండలు మాత్రం వేయకండి. తెల్లగా, గుండ్రంగా ఉంటాయి. పిల్లలు పిప్పరమెంటు బిళ్లనుకుని నోట్లో వేసుకుంటారు. అవీ విషమే.

ఎంత జాగ్రత్తగా ఉన్నా పిల్లవాడు మందు తాగాడనుకోండి. ఉప్పునీళ్లు పట్టకండి. కక్కించకండి. 108కి ఫోన్ చేయండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకుపోండి. దాని మీద పేరు చూసి డాక్టరు వైద్యం చేస్తారు.

ఇంటికి పోయి చూసి రండి. రేపు అందరం మాట్లాడుకుందాం.

1. మీ ఇంట్లో ఖాళీ మందు డబ్బాలు ఎన్ని ఉన్నాయి? ఇప్పుడు వాటిలో ఏం పోసి ఉంది?

2. డబ్బా మీద మందు పేరు చదివి, పలక మీద రాయండి. ఏ రంగు గుర్తు ఉంది?

3. మీ పిల్లవాడి బంతి ఇప్పుడు ఎక్కడ ఉంది?